మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి ఈఈజీ: ముందు మెలకువ, తర్వాతే రీడింగు

"మతిమరుపు, ఈఈజీ చేయించండి" అని డాక్టరుగారు రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చే పెద్దవాళ్లకి తలకి లీడ్లు (తీగల చివర ఉండే చిన్న గిన్నెలు) పెట్టి మెదడు తరంగాలు తీయడం నా పని. ఎక్కువమందికి 65 నుంచి 85 ఏళ్ల మధ్య వయసు. వెంట కొడుకో కూతురో కోడలో ఉంటారు.

మూర్ఛ కోసం తీసే ఈఈజీకీ మతిమరుపు కోసం తీసేదానికీ పేరు ఒకటే గానీ పనితీరు వేరు. మూర్ఛ విషయంలో మేం వెతికేది ఒక్క క్షణం మెరిసి మాయమయ్యే పదునైన తరంగం. అందుకే రాత్రి తక్కువ నిద్రపోయి రమ్మంటాం, పరీక్ష మధ్యలో నిద్రపడితే సంతోషిస్తాం. మతిమరుపులో కావలసింది మరొకటి. మనిషి పూర్తి మెలకువతో, కళ్లు మూసుకుని, నిమ్మళంగా ఉన్నప్పుడు తల వెనక భాగంలో వచ్చే లయ సెకనుకి ఎన్నిసార్లు ఆడుతోందన్నది చూడాలి. కునుకు పట్టిందంటే ఆ లెక్క తప్పినట్టే. ఈ సంగతి పట్టించుకోకుండా తీసిన రీడింగు వల్ల బాగున్న మనిషి మీద కూడా జబ్బు ముద్ర పడుతుంది. అందుకే వేరేచోట తొందరపడినా నేను ఇక్కడ మాత్రం తొందరపడను.

పని ముందురోజే మొదలవుతుంది. అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే ఇంట్లోవాళ్లకి చెప్తాం: రాత్రి షాంపూతో గానీ కుంకుడుకాయతో గానీ తలస్నానం చేయించండి, తర్వాత చుక్క నూనె కూడా రాయొద్దు. మన పెద్దవాళ్లకి తలంటుకున్నాక జుట్టు పొడిబారిందని కాస్త కొబ్బరినూనె అద్దుకోవడం అలవాటు. అదే మాకు పెద్ద అడ్డం. చర్మం మీద నూనె పొర ఉంటే లీడుకీ చర్మానికీ మధ్య నిరోధం 20, 30 కిలో ఓమ్‌ల దాకా పోతుంది. మాకు కావలసింది 5 లోపు, మరీ కుదరకపోతే 10 లోపు. తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చినవాళ్లయితే మా పని సగం అయిపోయినట్టే.

రాత్రి కంటినిండా నిద్రపోవాలి. పొద్దున టిఫిన్ తప్పనిసరి. ఖాళీ కడుపుతో షుగర్ మాత్ర వేసుకుని వస్తే షుగర్ పడిపోవచ్చు, అప్పుడు కూడా తరంగాలు నెమ్మదిస్తాయి. కాఫీ, టీ పరీక్ష అయ్యేదాకా ఆపమనడం మామూలు పద్ధతి. అయితే నలభై ఏళ్లుగా పొద్దున్నే కాఫీ తాగే మనిషి చేత మానిపిస్తే బల్ల ఎక్కగానే తూగుతారు. మా దగ్గర ఆ ఒక్క కప్పుకి డాక్టరుగారు ఒప్పుకుంటారు. ఎన్నింటికి తాగారో కాగితం మీద రాస్తాం. మాత్రలేవీ సొంతంగా ఆపకూడదు. పేర్లు చెప్పడం కాదు, వాడుతున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని తేవాలి. "బీపీకి ఒకటి, నిద్రకి చిన్నది ఒకటి" అంటే ఆ చిన్నదేమిటో మాకు తెలియాలి. అది ఎందుకో తర్వాత చెప్తాను.

టైము ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య ఇస్తాం. భోజనం అయ్యాక వచ్చే పెద్దవాళ్లకి మెలకువ రీడింగు తీయడం దాదాపు కుదరదు.

గదిలోకి రాగానే చాలామంది అడిగేది, "కరెంటు పెడతావా అమ్మాయ్?" అని. "లేదు బాబాయిగారూ, మిషను మీ దగ్గర్నుంచి వినడమే గానీ మీకు ఇచ్చేది ఏమీ లేదు" అని చెప్తాను. తల మీద దొరికే సంకేతం 50 మైక్రోవోల్టులుంటే గొప్ప. టార్చిలైటులో వేసే ఒకటిన్నర వోల్టు బ్యాటరీలో దానికి 30,000 రెట్లు ఉంటుంది. ఈ మాట చెప్పాక భయం తగ్గుతుంది. భయం తగ్గకపోతే దవడ బిగిసి ఉంటుంది, దవడ బిగిస్తే కణతల దగ్గర లీడ్లన్నీ కండరాల గీతలతో నల్లబడిపోతాయి. కాబట్టి ఆ రెండు నిమిషాల మాటలు కూడా పనిలో భాగమే.

తర్వాత తల కొలవడం. ఏ లీడు ఎక్కడ పెట్టాలో చెప్పే పద్ధతి, 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రచురించిన 10–20 పద్ధతే ఇప్పటికీ అందరూ వాడేది. ముక్కు పైన, రెండు కళ్ల మధ్య పల్లం ఒక గుర్తు. తల వెనక మెడ మొదట్లో చేతికి తగిలే ఎముక బొడిపె రెండోది. నడినెత్తి మీదుగా ఆ రెంటి మధ్య టేపు పెట్టి కొలుస్తాం. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, అందులో పదో వంతు 3.6, అయిదో వంతు 7.2. ఆ దూరాల ప్రకారం పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందు దాకా, తల చుట్టూ కూడా ఇదే లెక్క. మొత్తం లీడ్లు: తల మీద 19, చెవులకి 2, గ్రౌండుకి (ఎర్తింగు లాంటిది) ఒకటి, గుండె లయ కోసం మరొకటి.

అనుభవం వచ్చాక కంటి అంచనాతో పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకూడదు. వెనక ఎడమ లీడు సెంటీమీటరు పక్కకి జరిగితే ఆ వైపు ఆల్ఫా, అంటే ముందు చెప్పిన తల వెనక లయ, చిన్నదిగా కనిపిస్తుంది. ఎడమ మెదడు వెనక భాగంలో ఏదో దెబ్బ ఉందనిపిస్తుంది. ఆ దెబ్బ ఉన్నది మన టేపులో.

నుదుటి మీద రెండు లీడ్లు సరిగ్గా విభూతి, నామం పెట్టుకునే చోటే వస్తాయి. "పిన్నిగారూ, బొట్టు కాస్త తుడుస్తాను, అయ్యాక మళ్లీ పెట్టుకుందురు గాని" అని అడిగి తుడవాలి. అడక్కుండా తుడిస్తే నొచ్చుకుంటారు, న్యాయమే. తోక దువ్వెనతో జుట్టు పాయ తీసి, ఇయర్ బడ్ మీద గరుకు జెల్ పెట్టి మూడు నాలుగుసార్లు రుద్దితే చాలు. పెద్దవాళ్ల చర్మం పలచన. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి గట్టిగా రుద్దితే నెత్తురు చిమ్ముతుంది. ఆ తర్వాత లీడు గిన్నెలో పేస్టు నిండుగా పెట్టి అదిమి, పైన గాజుగుడ్డ ముక్క వేయాలి. పేస్టు ఎక్కువైనా చిక్కే. పక్కపక్క లీడ్ల పేస్టు ఒకదానికొకటి అంటుకుంటే ఆ రెంటి మధ్య తేడా ఉండదు కాబట్టి తెర మీద గీత చదునుగా వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి మెదడు పనిచేయడం లేదేమోనని కంగారు పడతారు.

మిషన్ సెట్టింగులు ఎక్కువ చెప్పను. శాంపిల్ రేటు సెకనుకి 256 లేదా అంతకంటే ఎక్కువ, కింది ఫిల్టరు (అంతకంటే నెమ్మదైన గీతల్ని ఆపేది) 0.5 హెర్ట్జ్, అంటే సెకనుకి అర అల, పై ఫిల్టరు 70, సెన్సిటివిటీ మిల్లీమీటరుకి 7 మైక్రోవోల్టులు, వేగం సెకనుకి 30 మిల్లీమీటర్లు. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. చెమట వల్ల గీతలు అలల్లా పైకీ కిందికీ ఊగుతుంటే కింది ఫిల్టరు 3కో 5కో పెంచి చక్కబెట్టడం కొన్నిచోట్ల చూశాను. అలా చేస్తే చెమటతోపాటు డెల్టా అనే అన్నిటికంటే నెమ్మదైన మెదడు తరంగాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ఏది వెతకడానికి కూర్చున్నామో దాన్నే చెరిపేసినట్టు. చెమట పడితే ఏసీ వేసి, నుదురు తుడిచి, కాసేపు ఆగాలి. మరీ చల్లబడితే వణుకుతారు, అదీ చూసుకోవాలి.

ఇక అసలు ఘట్టం. పడుకోబెట్టి, లైటు కాస్త తగ్గించి, "కళ్లు మూసుకోండి" అంటాను. బాగున్న మెదడులో సెకను తిరక్కుండానే తల వెనక లీడ్లలో గుండ్రటి అలలు వరసకట్టి వస్తాయి. "తెరవండి" అనగానే మాయమవుతాయి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి తరంగాలు తీసి, 1929లో అచ్చువేశాడు. ఆల్ఫా అన్న పేరు ఆయన పెట్టిందే. వందేళ్లయినా మతిమరుపు పరీక్షలో మొదట చూసేది ఆ ఆల్ఫానే.

లెక్క ఇలా. ఒక సెకను వెడల్పులో, అంటే 30 మిల్లీమీటర్లలో, ఎన్ని అలలు పట్టాయో చూడాలి. తొమ్మిది అలలు పడితే 9 హెర్ట్జ్. 8 నుంచి 13 దాకా ఆల్ఫా, 4 నుంచి 8 లోపు తీటా, 4కి కింద డెల్టా, 13 దాటితే బీటా. వయసు పెరిగితే ఆల్ఫా కొంచెం దిగుతుంది, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న ఎనభై ఏళ్ల మనిషికి కూడా మెలకువలో అది 8కి కిందికి దిగకూడదు. "పెద్దవయసు కదా, ఏడు వస్తే తప్పేముంది" అన్న మాట ఒప్పుకోను.

ఎక్కడ లెక్కపెట్టాలన్నది కూడా ముఖ్యమే. కళ్లు మూసిన వెంటనే అర సెకను, సెకను పాటు ఆల్ఫా అసలు కంటే వేగంగా వస్తుంది. అక్కడ కొలిస్తే 8 ఉన్నవాళ్లకి 10 అని రాసేస్తాం. రెండు మూడు సెకన్లు ఆగి, అది కుదుటపడ్డాక కొలవాలి. మరీ ఆలస్యమైతే ఇంకో ప్రమాదం: కునుకు.

పెద్దవాళ్లు కళ్లు మూసుకున్న రెండు మూడు నిమిషాల్లోనే జారుకుంటారు. గురక పెట్టరు, మనకి తెలియదు. తెలిసేది తెర మీదే. ముందు ఆల్ఫా తల ముందు వైపుకి పాకుతుంది, తర్వాత ముక్కలవుతుంది. నుదుటి పక్క లీడ్లలో ఒకదానికొకటి ఎదురుగా నెమ్మదైన పెద్ద అలలు కనిపిస్తాయి. అవి మెదడువి కావు, మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ నెమ్మదిగా దొర్లుతున్నాయి. ఆ వెనకే 5, 6 హెర్ట్జ్ తీటా పరుచుకుంటుంది. తెలియనివాళ్లు ఆ తీటాని చూసి "నెమ్మదించిన మెదడు" అని రాస్తారు. ఆ క్షణంలో ఆ పెద్దాయన పొలం గట్టు మీద ఉన్నట్టు కల మొదలవుతూ ఉండొచ్చు, అంతే.

అందుకని రెండు నిమిషాలకోసారి పలకరిస్తాను. ఊరికే "మేలుకోండి" అంటే చాలదు, పని చెప్పాలి. చదువుకున్నవాళ్లయితే వంద నుంచి ఏడేడు తీసేస్తూ రమ్మంటాను. బడికి వెళ్లనివాళ్లని అది అడిగితే అవమానం చేసినట్టు. వాళ్లని వారాలు వెనక్కి చెప్పమంటాను: శనివారం, శుక్రవారం. తెలుగు నెలలు ఫాల్గుణం నుంచి వెనక్కి చెప్పమంటే కొందరు పెద్దమ్మలు నాకంటే చకచకా చెప్పేస్తారు. నోటితో చెప్పేటప్పుడు కండరాల గీతలు పడతాయి. ఆపాక కళ్లు మూసుకున్న మొదటి పది పదిహేను సెకన్లే బంగారం, అక్కడే కొలత. ప్రతి పిలుపూ, ప్రతి జవాబూ రికార్డు మీద ఆ సెకను దగ్గరే గుర్తు పెట్టాలి. "మెలకువ, జవాబు సరిగా", "పిలిస్తే పలకలేదు" అని. ఆ గుర్తులు లేని ఈఈజీని చదివే డాక్టరుకి అది నిద్రో జబ్బో తేల్చే దారి లేదు.

చెవుడు ఉన్నవాళ్లకి ఈ పిలుపులు పనిచేయవు, పైగా చెవి లీడ్ల కోసం వినికిడి మిషను తీసేస్తాం. ముందే ఒప్పందం చేసుకుంటాం: భుజం మీద ఒకసారి తడితే తెరవడం, రెండుసార్లు తడితే మూయడం.

మొత్తం శుభ్రమైన రికార్డింగు కనీసం 20 నిమిషాలు కావాలి. ఎడాపెడా గాలి పీల్చి వదలమనే భాగం పెద్దవాళ్లకి మేం దాదాపు చేయించం. ఈమధ్య పక్షవాతం వచ్చినా, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా అది ప్రమాదం. మినుకు లైటు పెడతాం. మెలకువ భాగం సరిగా దొరికాక చివర్లో నిద్రపోనిస్తాం, దానికీ వేరే ఉపయోగం ఉంది.

మోసం చేసే గీతలు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే దొంగది చేతి వణుకు. పార్కిన్సన్ వణుకు సెకనుకి 4 నుంచి 6 సార్లు. తల దిండు మీద అదే వేగంతో ఊగుతూ వెనక లీడ్లని రుద్దుతుంటే తెర మీద అచ్చం తీటాలా పడుతుంది. చేతి మీద ఒక అదనపు లీడు పెట్టి రెండు గీతలూ కలుస్తున్నాయేమో చూడాలి. మెడ కింద తువ్వాలు చుట్ట పెట్టి తల వెనక భాగం గాలిలో ఉండేలా చేస్తే ఆ "తీటా" మాయమవుతుంది. కణత దగ్గర నాడి మీద లీడు పడితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ నెమ్మదైన అల వస్తుంది, గుండె గీతతో పోల్చి చూసి లీడు కొద్దిగా జరపాలి. నోట్లో వక్కపలుకు, వదులు కట్టుడుపళ్లు ఉన్నాయేమో ముందే అడగాలి.

వయసుతో వచ్చే, జబ్బు కానివి కూడా కొన్ని ఉన్నాయి. అరవై దాటినవాళ్లలో ఎడమ కణత వైపు అప్పుడప్పుడూ కొద్దిగా తీటా కనిపించడం మామూలే. కునుకులో కణతల దగ్గర గుమ్మం కమానుల్లా వంగిన విడి తరంగాలు వస్తాయి. వాటిని మూర్ఛ అనుకుని మాత్రలు మొదలుపెట్టడం మన దగ్గర అరుదేమీ కాదు. కొందరికి మొదటినుంచీ ఆల్ఫా సరిగా కనపడదు, అదీ జబ్బు కాదు.

ఇంత జాగ్రత్తగా తీశాక కూడా లయ 7 దగ్గరే ఉంటే, నెమ్మదించడం నిజం. కానీ నెమ్మదించిన తరంగం కారణం చెప్పదు. స్ట్రిప్పుల సంచి అవసరం ఇక్కడే. "చిన్నది" అన్న మాత్ర క్లోనజెపామ్ అయితే బీటా పెరుగుతుంది, మత్తు వల్ల తూగు వస్తుంది. మానసిక జబ్బులకి ఇచ్చే క్వెటియాపిన్, ఒలాంజపిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ తరంగాలని నెమ్మదింపజేస్తాయి, చివరిది నేరుగా మతిమరుపే తెస్తుంది. నీళ్లు పోయే రకం బీపీ మాత్రలతో సోడియం పడిపోయినా, థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపించినా, లివరు, కిడ్నీ దెబ్బతిన్నా ఇదే నెమ్మది. ఇవన్నీ రక్తపరీక్షలో దొరికేవి, చాలావరకు సరిచేయగలిగేవి. ఇవి చూడకుండా "అల్జీమర్స్" అనే మాట ఇంట్లోవాళ్ల చెవిన వేయడం నాకు సహించదు.

అల్జీమర్స్‌లో మార్పు ఒక వరసలో నడుస్తుంది. ముందు తీటా పెరుగుతుంది, బీటా తగ్గుతుంది. తర్వాత ఆల్ఫా పలచబడి నెమ్మదిస్తుంది, కళ్లు తెరిచినా పెద్దగా తగ్గదు. డెల్టా బాగా ముదిరాకే. మొదట్లో ఈఈజీ పూర్తిగా మామూలుగా ఉండొచ్చు. కాబట్టి "ఈఈజీ బాగుంది, జబ్బు లేదు" అనడానికి లేదు. ప్రవర్తన ముందుగా మారే ఫ్రంటోటెంపొరల్ రకంలో చాలాకాలం మామూలుగానే వస్తుంది. దిగులు వల్ల వచ్చే మతిమరుపులోనూ అంతే.

ఈఈజీ బాగా సాయపడేది లూయీ బాడీ అనే మతిమరుపు రకంలో. గదిలో పిల్లలు ఆడుతున్నారని చెప్పడం, ఒక గంట బాగుండి మరో గంట అయోమయంగా ఉండడం, నిద్రలో చేతులు విసరడం ఈ జబ్బులో చూస్తాం. వెనక లయ 8కి కిందికి దిగి, ఒక చోట నిలవకుండా ఆల్ఫాకి కాస్త కిందా తీటాలోనూ ఊగుతుంటే 2017 అంతర్జాతీయ ప్రమాణాల్లో అది ఈ జబ్బుకి ఊతమిచ్చే గుర్తు. భ్రమలకి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఈ జబ్బువాళ్లకి ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి ఆ గుర్తు విలువ చాలా ఎక్కువ. వారాల్లో, నెలల్లో మతి పోతున్నవాళ్లకి సెకనుకి ఒకటి చొప్పున పదునైన తరంగాలు గడియారంలా వస్తే మెదడుని వేగంగా దెబ్బతీసే అరుదైన క్రూట్జ్‌ఫెల్ట్ జేకబ్ జబ్బు అనుమానించాలి. రెండు రోజులుగా అయోమయంగా ఉన్న పెద్దావిడకి పైకి కదలికలేవీ లేకుండా లోపల మూర్ఛ నడుస్తుండొచ్చు. అది ఈఈజీలో తప్ప దొరకదు, మందుకి లొంగుతుంది. అందుకే అలాంటి చీటీ వస్తే అపాయింట్‌మెంటు అడక్కుండా ముందు బల్ల ఎక్కిస్తాం.

రంగు రంగుల "బ్రెయిన్ మ్యాపింగ్" బొమ్మల గురించి చాలామంది అడుగుతారు. లెక్క తప్పు కాదు. మెలకువలో కళ్లు మూసుకున్న శుభ్రమైన ముక్కల్ని, రెండేసి సెకన్లవి కనీసం 30, చేత్తో ఏరి కంప్యూటరుకి ఇస్తే ఏ పౌనఃపున్యంలో (సెకనుకి ఎన్ని అలల దగ్గర) ఎంత శక్తి ఉందో అది చెప్తుంది. ఆ ముక్కల్లో కునుకో వణుకో కలిస్తే బొమ్మ ఎర్రగా మండిపోతుంది. అసలు గీతలు చూపించకుండా బొమ్మ ఒక్కటే చేతిలో పెడితే, ఆ గీతలు అడిగి తీసుకోండి.

జ్ఞాపకశక్తిని కొలిచేది ఈఈజీ కాదు, ఎదురుగా కూర్చుని చేసే పరీక్ష. ఏసీఈ–3 అనే అలాంటి పరీక్షకి తెలుగు రూపం ఉంది, అది తెలుగులోనే చేయించాలి. ఎన్ని భాషలు వచ్చో కూడా అడగాలి. హైదరాబాద్ నిమ్స్‌లో నరాల డాక్టరు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువు లేనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

అయ్యాక గోరువెచ్చటి నీళ్లతో తడిపి లీడ్లు ఒక్కొక్కటే తీస్తాం. వేడినీళ్లు వద్దు, పెళుసు చర్మం. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతోపాటు రికార్డింగు మొత్తం సీడీలోనో పెన్‌డ్రైవులోనో అడిగి తీసుకోమంటాను. దాని మీద తేదీ, టైము, ఆ రోజు వేసుకున్న మాత్రలు రాసి ఉండాలి. ఏడాది తర్వాత అదే టైముకి, అవే మాత్రల మీద మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు, నిరుడు 9.5 ఉన్న మనిషికి ఇప్పుడు 8.5 వస్తే, రెండూ "మామూలే" అని రాసి ఉన్నా, డాక్టరుగారు ఆ ఒక్క హెర్ట్జ్ దగ్గర ఆగి చూస్తారు.